డేగిసాలో తల పెట్టినవాడు

2003 ఎండాకాలంలో ఒక పొద్దున, జిలానీ టీ గ్లాసు ఇంకా కింద పెట్టకముందే, రేపల్లెకు అమ్మిన పెళ్ళి డేగిసా ఆటోలో తిరిగొచ్చింది. బిర్యానీ ఉడుకుతుండగా రాగి అడుగు పగులు విచ్చుకుని ఎసరంతా పొయ్యిలోకి కారిపోయిందట. తెచ్చినవాళ్ళు తెనాలి వీధిలో నలుగురూ వింటుండగా జిలానీని నానా మాటలూ అని, దాన్ని అరుగు మీదికి దొర్లించి వెళ్ళిపోయారు.

రాగి డేగిసాలు చేసే జిలానీ ఇంట్లో తాతల నాటి పద్ధతి ఒకటుంది. డేగిసా తయారయ్యాక కొడుకు ఇమ్రాన్ దాని మూతిలో తల పెట్టి కూర్చోవాలి. తండ్రి బయట చుట్టూ సుత్తితో కొడుతుంటాడు. పగులున్నచోట మోత బొంగురుపోతుంది. అది పసిగట్టి చెప్పడం ఇమ్రాన్ పని. పదేళ్ళ వయసు నుంచీ వాడు చేస్తున్నది అదే.

ఇమ్రాన్ తలొంచుకుని ఇడ్లీ తింటున్నాడు. పగులెందుకు పట్టుకోలేదని జిలానీ అడిగాడు. వాడు తలెత్తలేదు. జిలానీకి నెత్తురు తలకెక్కింది. పళ్ళేన్ని కాలితో తన్ని, అరచేత్తో చెవి మీద ఒక్కటిచ్చాడు. వాడు లేవబోతే ఇంకొకటి. గోడకు తల కొట్టుకుని పడిపోతే జుట్టు పట్టి లేపాడు.

“పెళ్ళానికి జవాబివ్వవు, అది బాపట్ల పుట్టింటికి పోయింది. నాకూ ఇవ్వవేంట్రా?”

షాహీన్ వెళ్ళి నెల దాటింది. పలకరించినా పలకని మొగుడితో కాపురం చేయనంది. ఈ శుక్రవారం పెద్దలు కూర్చుని ఆ పెళ్ళి తెంచేయబోతున్నారు.

ఇమ్రాన్ చెవిలోంచి నెత్తురు కారి చొక్కా తడిసింది. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన తల్లి మున్నీసా అరుగు మీది సుత్తి అందుకుని డేగిసాను ఒక్క పెట్టు పెట్టింది. రాగి లోపలికి కుంగిపోయింది.

“ఇంకో దెబ్బ వేశావా, ఇది నీ నెత్తినే పడుతుంది,” అంది. భర్తను ఎప్పుడూ నువ్వు అని ఎరగని మనిషి. జిలానీ చెయ్యి జుట్టును వదిలేసింది.

ఆసుపత్రిలో చెవుల డాక్టరు కనకదుర్గ పరీక్షలన్నీ చేసి, జిలానీని ఎదురుగా కూర్చోబెట్టింది.

“ఇవాళ్టి దెబ్బకి కర్ణభేరి చిరిగింది సాయిబుగారూ. అది పూడుతుంది. పూడనిది వేరే ఉంది. చెవి లోపల నత్తగుల్లలాంటి గొట్టం, అందులో నీరు ఉంటాయి. శబ్దం తగిలితే నీరు కదిలి, అక్కడి కణాల మీదున్న సన్నటి వెంట్రుకలు వంగుతాయి. వంగినప్పుడల్లా చిన్న కరెంటు పుట్టి, నరం వెంట మెదడుకి పోతుంది. మనం వినడమంటే అదే. డేగిసాలో మోతకి మీవాడివి చాలా విరిగిపోయాయి. అవి మళ్ళీ మొలవవు.”

సన్నటి గొంతులు పట్టుకునేవి ముందు పోతాయని కూడా చెప్పింది. అందుకే తండ్రి కేకలు కొంతైనా వినపడ్డాయి, పెళ్ళాం మాటలు వినపడలేదు. ఎందుకు చెప్పలేదని తల్లి కాగితం మీద రాసి అడిగితే, చెవిటివాడని తెలిస్తే షాహీన్ వెళ్ళిపోతుందని భయపడ్డానన్నాడు ఇమ్రాన్. జిలానీకి తన అన్న అబూబకర్ గుర్తొచ్చాడు. అతనూ డేగిసాలో తల పెట్టినవాడే. చివరికి ఎవరితోనూ మాట్లాడకుండా అయిపోతే, ఇంటిల్లిపాదీ పొగరన్నారు.

మర్నాడు బాపట్ల వెళ్ళి, కోడలి ముందు ఉన్నదంతా చెప్పాడు. తప్పు తనదన్నాడు, రమ్మని మాత్రం అడగలేదు.

“దీపం ఆర్పాక మాట్లాడేదాన్ని మామా,” అంది షాహీన్. “పలకకపోతే గోడవైపు తిరిగి ఏడ్చేదాన్ని. ఆయన నా మొహం కూడా చూడలేని చీకట్లో.”

ఆ సాయంత్రం రైలుకే ఆమె మామతో బయల్దేరింది.

తెనాలిలో మంచం మీద చెవికి దూదితో కూర్చున్న ఇమ్రాన్ ఆమెను చూసి లేవబోయాడు. అంతకుముందే జిలానీ కొడుకు కాళ్ళ దగ్గర చతికిలబడి తల వంచేశాడు. కొట్టిన దెబ్బలు, అన్న మాటలు, డేగిసాలో తల పెట్టించిన పదేళ్ళ పిల్లాడు, అన్నీ చెప్పుకుంటూ ఏడ్చాడు. ఇంట్లో అందరూ విన్నారు.

ఇమ్రాన్ వంగి తండ్రి గడ్డం పట్టుకుని పైకెత్తాడు.

“తలొంచుకుంటే మీరేమంటున్నారో నాకు తెలీదు అబ్బాజాన్. నా మొహం చూసి చెప్పండి.”

వాచిన ఆ చెంపను, దూది పెట్టిన ఆ చెవిని జిలానీ చూడక తప్పలేదు. కన్నీళ్ళు తుడుచుకుని, కళ్ళు దించకుండా, మొదటి నుంచీ మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు.