ప్రణాలి మేడం కోసం మగ్గాలు బంద్

"యూనివర్సిటీ దగ్గర రూమ్ చూసుకున్న," అంది ప్రణాలి, చాయ్ వేళకు మగ్గాలు ఆగిన షెడ్డు గుమ్మంలో నిలబడి.

అభిషేక్ పానా తిప్పడం ఆపాడు. నేతగాళ్ల పేట కుంఠా నాకాలో పక్కపక్క ఇళ్లలో పెరిగారు ఇద్దరూ. అతనికి తండ్రి పవర్‌లూమ్ షెడ్డు వచ్చింది. ఆమె గణితంలో డాక్టరేట్ చేసి, ఇప్పుడు ఇద్దరు పీహెచ్‌డీ విద్యార్థులకు గైడు అయింది. సెలవు రోజుల్లో వాళ్లను ఇంటికే పిలిచి పని చూస్తుంది. అతని ప్రేమ మాత్రం ఇంకా నోరు దాటలేదు. ఇప్పుడీమె వీధే దాటిపోతానంటోంది.

"ఎందుకు? నీ స్టూడెంట్లు వచ్చినప్పుడల్లా మగ్గాలు బంద్ చేస్తున్న కదా, చప్పుడు లేకుండ."

"అదే నా తక్లీఫ్. నిన్ను ఎవలు చెయ్యమన్నరు?"

"లెక్కలు చేసేటోళ్లకు శాంతి కావాలె కదా."

"అని ఎట్ల అనుకున్నవ్? ప్రూఫ్ ఏది?" ఆమెకు గైడు గొంతు వచ్చేసింది. "మగ్గాలు నడుస్తుంటే మా మాట మా దగ్గర్నే ఉండేది. ఇప్పుడు గల్లీ మొత్తం వింటున్నది. మొన్న ఓంకార్‌ను తిట్టిన, లిమిట్‌ను ఇంటిగ్రల్ లోపలికి తెచ్చినవ్, కారణం రాయలేదేంది అని. పోరడు బయటికి పోతుంటే షెడ్డు వెనకింటి నిర్మలత్త ఆపిందంట. 'కారణం రాస్తే నీ సొమ్మేం పోతది బిడ్డా, రాయరాదు' అన్నదంట. వాడు ఇగ ఈ గల్లీకి రానంటున్నడు."

అభిషేక్‌కు నవ్వొచ్చింది. ఆమె చూపు చూసి మింగేశాడు.

"ఇయ్యాల్టి నుంచి బంద్ చెయ్య. నువ్వు పోకు."

"నేను పోతే నీకేంది?"

గోడవతల నిర్మలత్త గిన్నెలు తోమడం ఆపేసింది. అభిషేక్ కళ్లతోనే ఆ గోడను చూపించాడు.

ప్రణాలి వెళ్లి దగ్గరున్న మగ్గాల స్విచ్‌లు వేసింది. షెడ్డు దడదడలాడింది. ఆ మోతలో మాట వినబడదు. మగ్గాల మధ్య పెరిగినవాళ్లు పెదవులు చూసి మాట్లాడుకుంటారు.

అభిషేక్ చెప్పాడు. నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి. ఆమె అతని పెదవుల మీంచి చూపు తిప్పలేదు.

తర్వాత ఆమె పెదవులు కదిలాయి. "రూమ్ వద్దని ఫోన్ చేస్తా. ఇంత లేట్ ఎందుకు చేసినవ్?"

జవాబు చెప్పేలోపు అతని భుజమ్మీద చెయ్యి పడింది. పెంటప్ప. ప్రణాలి తండ్రి, ఈ షెడ్డులోనే తల నెరిసిన నేతగాడు. చాయ్ తాగి ఎప్పుడొచ్చాడో, ఇద్దరి పెదవులూ చదివేశాడు.

ఆయనా ఆ మోతలో అభిషేక్ వైపు చూసి పెదవులే కదిపాడు.

"మీ అమ్మకు నేను చెప్తా. పోగు తెగింది, ముందు మగ్గం ఆపుండ్రి."