చల్లగా తోచిన ఇస్త్రీపెట్టె

ఇస్త్రీ షాపు వెనక గదిలో ఓనర్ శవం దొరికింది. మధ్యాహ్నం కునుకు తీస్తూ పొగకి ఊపిరాడక పోయాడు. నిప్పు పుట్టింది ముందు గదిలో, బట్టల గుట్ట మీద ఉన్న ఇస్త్రీపెట్టె కింద.

పెట్టెని అక్కడ పెట్టింది ఓనర్ తమ్ముడు. పొద్దున అన్నదమ్ములు వీధంతా వినేలా పోట్లాడుకున్నారు. ఇంకేం కావాలి? కేసు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంది అనుకున్నాడు ఇన్‌స్పెక్టర్.

"స్విచ్ ఆపావా?"

"ఆపాను సార్."

"ఆపిన వెంటనే బట్టల మీద పెట్టేశావా?"

"చెయ్యి ఆనించి చూశాను. మేం అలాగే చూస్తాం. చల్లగానే ఉంది. పెట్టేసి డెలివరీకి వెళ్లాను."

"అప్పుడే చల్లారిపోయిందా? ఎవరికి చెబుతున్నావ్ కథలు?"

తమ్ముడు నేల చూపులు చూశాడు. అన్న పోయినప్పటి నుంచి అతను ఏడవలేదు. అదీ అనుమానమే.

"అరచేతికి ఆ బొబ్బలేంటి?"

"తెలీదు సార్."

"ఎప్పుడు కాలింది?"

"తెలీదు."

ఆ మాటకి ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్లు మండింది.

కానిస్టేబుల్ టీ తెచ్చాడు. స్టీలు గ్లాసు ముట్టుకోగానే ఇన్‌స్పెక్టర్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తమ్ముడు మాత్రం కాలిన అరచేత్తోనే గ్లాసుని బిగించి పట్టుకుని, ఊదుకుంటూ తాగుతున్నాడు. నోటికి తెలిసిన వేడి చేతికి తెలియడం లేదు.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ అతనికి హాస్పిటల్‌లో ఎంఆర్ఐ తీయించాడు. రేడియాలజిస్టు ఫిల్మ్‌ని లైటు ముందు పెట్టింది. మెడ దగ్గర వెన్నుపాము మధ్యలో నిలువుగా తెల్లటి చార.

"లోపల నీరు చేరింది. అరుదైన జబ్బు. భుజాలకీ చేతులకీ స్పర్శ తెలుస్తుంది. వేడీ నొప్పీ మాత్రం తెలియవు."

ఇన్‌స్పెక్టర్ తమ్ముణ్ణీ, చనిపోయినాయన భార్యనీ లోపలికి పిలిచాడు. ఆవిడ మరిది మొహం చూడటం మానేసింది.

"తగలబెట్టాలనుకున్నవాడు కాలే పెట్టె మీద అరచెయ్యి ఆనించడమ్మా. ఇతను ఆనించాడు. పెట్టె మొన అచ్చు చేతి మీదే ఉంది. చల్లారిందని నిజంగానే నమ్మాడు."

వదిన మరిది వైపు చూసింది. "సలసల కాగే నీళ్లతో స్నానం చేసేవాడు సార్. మొద్దు అని నవ్వేవాళ్లం, ఆయనా నేనూ."

"నీ మీద హత్య కేసు ఉండదు. ముందు వైద్యం చేయించుకో" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

తమ్ముడు తలెత్తాడు.

"అయితే ఆ పెట్టె వేడిగానే ఉందా సార్?"

ఇన్‌స్పెక్టర్‌కి అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాడు.

"ఉంది."

వదిన అతని దగ్గరికి వచ్చింది. బొబ్బలు తగలకుండా అతని వేళ్లు పట్టుకుంది.

"ఇది తెలుస్తోందా?"

"తెలుస్తోంది వదినా" అన్నాడు. అప్పటికిగాని అతనికి ఏడుపు రాలేదు.