పట్నం రొట్టె

రొట్టె చేతిలోకి తీసుకోగానే రాయా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అది పట్నం రొట్టె కాదు!

పద్నాలుగు నెలలుగా ఆమె భర్త మకామె రోజూ తెల్లవారగానే దలాదలా బండెక్కి పట్నం వెళ్తాడు. పెద్దాసుపత్రి కిటికీ దగ్గర వరుసలో నిలబడి, నర్సు కళ్ళ ముందే చిన్న కప్పులోని, మత్తు మాన్పించే మెథడోన్ మందు తాగి, మింగినట్టు ఆమెకు తెలిసేలా రెండు ముక్కలు మాట్లాడతాడు. తిరిగొచ్చేటప్పుడు బజారు వెనక బట్టీలో కాల్చిన పొడవాటి రొట్టె ఒకటి పాత వార్తాపత్రికలో చుట్టించుకుని తెస్తాడు. అడుగున మాడి, పైన కరకరలాడే ఆ రొట్టె ఎనిమిదేళ్ళ కూతురు నస్రాకు నాన్న తెచ్చే తాయిలం. రాయాకు మాత్రం అది సాక్ష్యం! ఈ రోజు కూడా ఆయన మందు తాగాడు... ఈ రోజు కూడా ఆ పాడు హెరాయిన్ పొడి జోలికి పోలేదు...

ఇప్పుడు ఆమె చేతిలో ఉన్నది ఊరి కొట్టులో దొరికే మెత్తటి రొట్టె. ప్లాస్టిక్ సంచిలో చెమ్మపట్టి ఉంది.

"నస్రా నాన్నా! బట్టీ మూసేశారా ఈ రోజు?" మామూలుగా అడిగినట్టే అడిగింది.

"ఆఁ... జనం ఎక్కువున్నారు" అన్నాడు మకామె గోడవైపు తిరిగి పడుకుంటూ.

ఆవులించాడు. వెంటనే ఇంకోసారి, మళ్ళీ ఇంకోసారి. కళ్ళలోంచీ ముక్కులోంచీ నీళ్ళు కారుతున్నాయి. బయట ఎండ మండిపోతూ ఉంటే అతని చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి! చాప మీద కాళ్ళు ఒక్క క్షణం కుదురుగా ఉండటం లేదు.

ఆ ఆవులింతలూ, ఆ కాళ్ళూ రాయాకు కొత్త కాదు. ఐదేళ్ళు చూసింది! పొడి దొరకని రోజున మకామె ఇలాగే కొట్టుకునేవాడు. ఇలాంటి రోజునే తండ్రి మిగిల్చిన తెరచాప కూడా అమ్మేసుకున్నాడు.

"మళ్ళీ మొదలెట్టావా?" రాయా అతని భుజం పట్టి తనవైపు తిప్పింది.

"లేదు రాయా! నస్రా మీద ఒట్టు, పొడి ముట్టలేదు!"

"దాని మీద ఒట్టెయ్యకు! పోయినసారి కూడా దాని మీదే వేశావు!"

మకామె నోరు తెరిచి ఏదో చెప్పబోయి, వెనక గది తలుపు వంక చూసి ఆగిపోయాడు. ఆ తలుపులోంచి అత్తగారు బీ మిజా బయటికొచ్చింది. చేతిలో తెల్లటి పింగాణీ పళ్ళెం. దాని నిండా కుంకుమపువ్వు సిరాతో షేక్ ఖాతిబు రాసిచ్చిన ఖురాన్ వాక్యాలు. వాటిని పన్నీటితో కడిగి ఆ నీళ్ళు తాగిస్తే రోగి కోలుకుంటాడని ఆ తీరమంతా నమ్మకం.

"వాణ్ణేమీ అనకే! నా కొడుకు రెండిట్లోంచీ బయటపడ్డాడు" అంది బీ మిజా తల ఎత్తి. "పొడీ లేదు, మందూ లేదు! ఇవాళ్టికి నాలుగు రోజులు. నిన్నటిదాకా పట్నం వెళ్ళి రొట్టె మాత్రం కొనుక్కొచ్చాడు, ఇవాళ ఓపిక లేక ఊళ్ళోనే కొన్నాడు. ఇంకో మూడు రోజులు ఈ నీళ్ళు తాగితే ఏడు నిండుతాయి. దాగోకి పోతాడు!"

"మందు మానేశాడా?" రాయా అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా! ఎవరినడిగి మాన్పించారు?"

"ఎవరినడగాలేం? కన్నదాన్ని నేను! పొడి పోయింది, మందొచ్చింది. కట్టుతాడు మారిందే గానీ నా కొడుకు కట్టుకొయ్య దగ్గరే ఉన్నాడుగా! వాడి నాన్న తెరచాప పట్టుకుంటే సముద్రం దారిచ్చేది. వీడేమో రోజూ దలాదలా కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాడు!"

ఏటా గాలి మళ్ళే వేళకి ఊళ్ళోని మగవాళ్ళంతా పడవలు కట్టుకుని అవతలి దీవులకి వెళ్ళి మూడు నెలలు చేపల వేటకు మకాం వేస్తారు. అదే దాగో. రోజూ ఆసుపత్రి కిటికీ దగ్గర తాగాల్సిన మందు ఏ మగవాణ్ణీ దాగోకి పోనివ్వదు. కిందటేడు పడవలు కదిలేటప్పుడు సరంగు ఉస్సి అందరి ముందూ, "ఏరా మకామె, నర్సమ్మ సెలవివ్వలేదా?" అన్నాడు. అందరూ నవ్వారు. మకామె కూడా నవ్వాడు... ఆ నవ్వు రాయా ఇప్పటికీ మర్చిపోలేదు.

అయినా, తను మాత్రం కోరుకోలేదా? పెళ్ళైన కొత్తలో మకామె వేట నుంచి వస్తే చొక్కా నిండా ఉప్పు వాసన! పక్కన కూర్చుంటే సముద్రమే ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టుండేది. ఇప్పుడు ఆ చొక్కాకి దలాదలా పొగ, ఆసుపత్రి ఫినాయిలు. నెల కిందట బట్టలు ఉతుకుతూ, "మళ్ళీ ఎప్పుడయ్యా నీకు ఉప్పు వాసన వచ్చేది?" అని పైకే అనేసింది. మకామె విన్నాడు... అయ్యో, ఆ ఒక్క మాట ఆయన్ని ఎంత కోసిందో!

"ఆసుపత్రికి వెళ్ళొస్తా. నేనొచ్చేదాకా ఎక్కడికీ కదలకు" అని మకామెకి చెప్పి, భుజాల మీది ఖంగా వస్త్రాన్ని నెత్తి మీదికి లాక్కుని రోడ్డు మీదికి పరుగెత్తింది.

*

"మూడుసార్లు ఫోన్ చేశానమ్మా! ఎవరో పెద్దావిడ ఎత్తి, జ్వరంగా ఉందని పెట్టేసింది" అంది సిస్టర్ సల్హా. కిటికీ లోపలి నుంచి లేచి బయటికే వచ్చేసింది.

రాయా ఏడుస్తూ అన్నీ చెప్పింది.

"పొడి కాదులే, భయపడకు. మందు ఒంట్లోంచి దిగిపోతుంటే అచ్చం అలాగే ఉంటుంది. పొడి కంటే ఆలస్యంగా మొదలై ఎక్కువ రోజులు పీడిస్తుంది. మూడో రోజు దాటాకే అసలు బాధ."

"అయితే ఓర్చుకుంటే పోతుందా సిస్టర్?"

సల్హా ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "విను. నాకు భయం ఆ బాధంటే కాదు. ఇన్ని నెలలు పొడి ముట్టలేదు, ఇప్పుడు మందు కూడా దిగిపోతోంది. ఆ పొడిని తట్టుకునే శక్తి ఇప్పుడు ఒంట్లో లేదు. బాధ ఆగక పాత అలవాటు ప్రకారం పాత మోతాదు తీసుకున్నాడో... ఇక లేవడమ్మా! మందు ఒక్కసారిగా మానినవాళ్ళలో చాలామందిని ఇలాగే పోగొట్టుకున్నాం. అతన్ని ఒంటరిగా వదలకు. పాత స్నేహితుల్ని దగ్గరికి రానివ్వకు. రేపు కిటికీ తెరవగానే నా ముందుండాలి!"

తిరుగు బండిలో రాయా పెదవులు అల్లాను తలుచుకుంటూనే ఉన్నాయి. ఊరి మలుపులో దిగీ దిగగానే చెంప మీద గాలి తగిలింది. ఆమె నిలువునా ఆగిపోయింది.

గాలి మళ్ళింది! మూడు రోజుల ముందే!

ఇంట్లో చాప ఖాళీగా ఉంది.

*

బీ మిజా మసీదు అరుగు దగ్గర నిలబడి సముద్రం వైపు చూస్తోంది. చేతిలో ఇంకా ఆ పళ్ళెమే.

"ఆయనెక్కడ అత్తయ్యా?"

"గాలి మళ్ళిందని సరంగు కబురంపాడు. పొద్దుటి పోటులోనే పడవని కాలవలోకి దించి ఉంచారు. మనవాడు ఆటులో నడిచెళ్ళి ఎక్కాడు. పోటు రాగానే తెరచాప ఎత్తుతారు." ఆ ముసలి కళ్ళు మెరిసిపోతున్నాయి. "మిగిలిన మూడు రోజుల నీళ్ళూ సీసాలో పోసిచ్చానే!"

"పడవలో ఇంకెవరున్నారు?"

"ఎవరుంటారు? ఉస్సి, వాళ్ళ తమ్ముళ్ళు, కోంబో..."

కోంబో! మకామెకి మొదటిసారి పొడి రుచి చూపించినవాడు!

"ఎంత పని చేశారత్తయ్యా!" రాయా అత్తగారి ఎదురుగా వచ్చి నిలబడింది. సిస్టర్ చెప్పిందంతా ఏడుస్తూ, ఎగశ్వాసతో ఒక్క గుక్కలో చెప్పేసింది.

"నర్సమ్మలకేం తెలుసు! దేవుడి వాక్యం..." అని బీ మిజా అంటూండగానే అరుగు మీది నుంచి షేక్ ఖాతిబు లేచాడు.

"బీ మిజా! నేను నీకేం రాసిచ్చాను? కొడుక్కి ఒంట్లో సత్తువ కావాలన్నావు, సత్తువకి రాసిచ్చాను. ఆసుపత్రి మందు మాన్పించమని నేనెప్పుడన్నాను?"

"మీరనలేదు..."

"మాన్పిస్తున్నానని నువ్వు నాతో అన్నావా?"

"అనలేదు..." బీ మిజా గొంతు పిల్లల గొంతులా అయిపోయింది. పళ్ళెం చేతిలోంచి జారి, రాతి మెట్టు మీద భళ్ళున పగిలింది.

రాయా అప్పటికే నీళ్ళలోకి దిగిపోయింది. తొమ్మిదేళ్ళుగా ఆమె ఆ నీళ్ళలో నాచు సాగు చేస్తోంది. ఎక్కడ ఇసుకో, ఎక్కడ రాయో, ఎక్కడ ముళ్ళ జీవులుంటాయో పాదాలకే తెలుసు. తను నాచు కట్టిన మేకులూ తాళ్ళూ దాటుకుంటూ, మోకాలి లోతులో పడుతూ లేస్తూ పరుగెత్తింది. పోటు మొదలైంది! నీళ్ళు తొడల దాకా వచ్చాయి... నడుము దాకా వచ్చాయి... దూరాన తెరచాప తాడు బిగిస్తున్నారు.

"ఆగండి! సరంగు బాబాయ్, ఆగండి!"

"ఏమే పిల్లా, దాగోకి ఆడవాళ్ళు కూడా బయల్దేరారా?" ఉస్సి పకపకా నవ్వాడు. ఆమె మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. చెయ్యిచ్చి పడవలోకి ఎక్కించాడు.

పడవ అడుగున, చేపల బుట్టల మధ్య, పాత తెరచాప గుడ్డ కప్పుకుని మకామె ముడుచుకు పడుకుని ఉన్నాడు. ఎండలో గజగజ వణుకుతున్నాడు. కుడి చెయ్యి పిడికిలి బిగించి ఉంది.

"సముద్రం పడలేదనుకున్నానే!" అన్నాడు ఉస్సి.

"ఈయనకా సముద్రం పడనిది! చెయ్యి తెరువు, నస్రా నాన్నా..."

మకామె తల అడ్డంగా ఊపాడు. ఆ పిడికిలి విప్పడం రాయా వల్ల కాలేదు. ఇంతలో వెనక నీళ్ళ చప్పుడు. గుండెల లోతు నీళ్ళలో, తడిసిన బుర్ఖాతో, పాదాలు కోసుకుపోయి రక్తం కారుతూ బీ మిజా పడవ అంచు పట్టుకుని ఉంది! ఉస్సి ఆమెను పైకి లాగాడు. ఆమె కొడుకు పక్కన కూలబడి, చంటిపిల్లాడి చెయ్యి విప్పినట్టు ఒక్కొక్క వేలే విప్పింది.

అరచేతిలో చెమటకి తడిసిన చిన్న కాగితం పొట్లం.

"కోంబో ఇచ్చాడు... నొప్పి పోతుందన్నాడు..." మకామె పళ్ళు టకటకలాడుతున్నాయి. "విప్పలేదమ్మా! పడవెక్కిన దగ్గర్నుంచీ పట్టుకునే ఉన్నా. విప్పడానికి మనసొప్పలేదు... పారెయ్యడానికి చెయ్యి రాలేదు..."

బీ మిజా ఆ పొట్లాన్ని సముద్రంలోకి విసిరేసింది. ఆ తర్వాత ఆమె గొంతులోంచి వచ్చిన ఏడుపు విని పడవలో మగవాళ్ళంతా మొహాలు తిప్పుకున్నారు.

"నా చేత్తో నేనే చంపుకునేదాన్నిరా! పోయేలోగా ఒక్కసారి మీ నాన్న నిలబడిన చోట నిన్ను చూసుకుందామనుకున్నాను... అంతేరా... ఒక్కసారి!"

"నాకు మాత్రం లేదా అమ్మా ఆ ఆశ?" అన్నాడు మకామె.

ఉస్సి వెళ్ళి కోంబో మెడ పట్టుకుని నీళ్ళలోకి తోసేశాడు. "ఈదుకుంటూ పో! నా పడవలో నీకు చోటు లేదు!" తర్వాత మకామెని తనే భుజాన వేసుకుని ఇసుక తిన్నె దాకా దించాడు. "కిందటేడు నేనన్న మాట మనసులో పెట్టుకోకురా. నోటి తీట నాది..."

ఆ తిన్నె మీద నడుము లోతు నీళ్ళలో ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ ముందే తెరచాప గాలి పోసుకుంది. పడవ పగడపు దిబ్బ దాటి, చిన్నదై, తెల్లటి చుక్కై, మాయమయ్యేదాకా మకామె కన్నార్పలేదు. ఆ చూపు చూసి రాయా తన భర్త మొహాన్ని గుండెకు హత్తుకుంది.

*

"మాన్పించమని అడగడం తప్పు కాదమ్మా" అంది మర్నాడు సిస్టర్ సల్హా, ఇన్ని రోజులు తప్పాక ఒక్కసారిగా పూర్తి మోతాదు కూడదని కప్పులో మామూలు కంటే తక్కువ మందు పోస్తూ. "ఒక్క దూకున దిగడమే తప్పు. ముందు నిలదొక్కుకోనీ. ఆ తర్వాత నెలకింత చొప్పున చుక్కలు తగ్గిద్దాం. ఒళ్ళు ఒప్పుకోని నెల ఆగుదాం. ఏడాది పట్టొచ్చు, మూడేళ్ళు పట్టొచ్చు. ఎప్పటికీ మానలేని వాళ్ళూ ఉన్నారు, వాళ్ళు ఓడిపోయినట్టు కాదు. బతికున్నారు!"

బీ మిజా తలవంచుకుని విన్నది. ఆ రోజు నుంచి కొడుకు పక్కన దలాదలాలో ఆమె కూడా కూర్చుంటుంది. షేక్ ఖాతిబు కొత్త పళ్ళెం రాసిచ్చాడు, మందు తాగి వచ్చాకే ఆ నీళ్ళు తాగించాలని ఒట్టు వేయించుకుని మరీ.

దాగో పడవలు తిరిగొచ్చాయి. మరుసటేడు గాలి మళ్ళింది, మళ్ళీ వెళ్ళాయి. మకామె ఒడ్డునే ఉన్నాడు. మందు సగానికి వచ్చింది. కిందటి నెల తగ్గించినప్పుడు వారం రోజులు కాళ్ళు లాగి నిద్ర లేక ఏడ్చాడు. సిస్టర్ ఇంకో నెల ఆగుదామంది. ఆగారు.

పడవలు కనుమరుగయ్యాక మకామె లుంగీ ఎగగట్టాడు. "ఆటొచ్చింది. పద, నాచు కట్టొద్దాం."

"ఆడవాళ్ళ పని! నవ్వుతారయ్యా..."

"నవ్వనీ. వాళ్ళ నవ్వు నాకు అలవాటేగా!"

అన్నట్టుగానే పక్క మడి నుంచి ఆడవాళ్ళు కేకలేశారు. "రాయా! నీ మొగుడు ముడి వదులుగా వేస్తున్నాడే! మా దగ్గరికి పంపు, నేర్పిస్తాం!"

"తెరచాప ముళ్ళు వేసిన చేతులివి! మీకే నేర్పుతా రండి!" అని మకామె తిరిగి అరిచాడు. రాయాకు కళ్ళనీళ్ళు తిరిగేంత నవ్వొచ్చింది.

సాయంత్రం ఇంటి గడపలో నలుగురూ కూర్చున్నారు. బీ మిజా పొద్దున పట్నం నుంచి తన చేతులతో తెచ్చిన రొట్టెను, పాత వార్తాపత్రిక విప్పి నస్రాకి తుంచి పెడుతోంది. అడుగున మాడిన ముక్క కొడుకు చేతిలో పెట్టి, "తిను నాన్నా" అంది.

మకామె సముద్రం వైపే చూస్తూ తింటున్నాడు. ఆ చూపులో తెరచాప ఇంకా ఉంది. అది ఎప్పటికీ ఉంటుందేమో... రాయా అతని పక్కకు జరిగి, ఎండిన చొక్కా భుజానికి మొహం ఆనించింది.

ఉప్పు వాసన!

ఆమె కళ్ళు మూసుకుంది.