పక్క విస్తరి

మధ్యాహ్నం భోజనాల గంట మోగగానే ఆ వార్డులో అందరూ నిద్రకు ఉపక్రమించేవారు. భోజనానికీ నిద్రకీ చుట్టరికం పాతదే గానీ, ఇక్కడ వరస తిరగబడింది. ఇక్కడ నిద్రపోతేనే భోజనం.

భీమిలి తీరానికి ఆవల, సముద్రం మీద తేలే ఆసుపత్రి అది. అలలు పెద్దవైనప్పుడు వార్డు మొత్తం ఉయ్యాలలాగా మెల్లగా ఊగేది. కిటికీ అద్దాలు ఎండను బట్టి వాటంతటవే ముదురుతూ, లేతబడుతూ ఉండేవి. ఆ నీలం వెలుగులో పడుకున్న తవిటినాయుడికి, తాను నీళ్ల మీద ఉన్నాడో నీళ్లలో ఉన్నాడో ఒక్కోసారి తెలిసేది కాదు.

తవిటినాయుడు సముద్రబస్సు డ్రైవరు. భీమిలి నుంచి కళింగపట్నం దాకా తీరం వెంబడి నీళ్ల మీద పరిగెత్తే బస్సు అతనిది. మనిషి మంచివాడు, చెయ్యి తిరిగినవాడు. ఒళ్లు మాత్రం ఏటికేడూ పెరుగుతూ వచ్చింది. మోకాళ్లు మొరాయించాయి. చక్కెర పెరిగింది. ఆఖరికి సీటు బెల్టు చాలక బస్సు స్టార్టవడమే మానేసింది. యంత్రాలకు మొహమాటం ఉండదు కదా. ఇక తప్పదని ఆపరేషనుకు ఒప్పుకున్నాడు. సన్నపాటి మరచేతులు పొట్ట మీది చిల్లుల గుండా లోపలికి దూరి, కడుపులో ముప్పాతిక భాగం కోసేసి, జామకాయంత మిగిల్చాయి.

కోత కంటే ఆ తరవాతి రోజులే కష్టం. కోసేటప్పుడు పొట్టలో నింపిన గాలి భుజంలోకి ఎక్కి పోటు పెట్టేది. పొట్ట కోస్తే భుజం నొప్పేమిటో అతనికి ఎంతకీ అర్థం కాలేదు. మంచినీళ్లు కూడా గుటక గుటకగా తాగాలి. ఒక్క గుటక ఎక్కువైతే గుండెల మీద రోకలి పెట్టినట్టుండేది. వరండాలో గోడ పట్టుకుని నడిచేవాడు. వారాలు గడిచేకొద్దీ చొక్కా వదులైంది, ఒళ్లు కూడా చొక్కాలాగే వదులైంది. అద్దంలో కనిపించే మనిషి ఎవరి బట్టలో వేసుకుని వచ్చినట్టుండేవాడు.

కడుపు కోశారు గానీ ఆశను ఎవరు కొయ్యగలరు? పక్క మంచం మీది ముసలాయన పోపు మాట ఎత్తితే చాలు, తవిటినాయుడికి నోరూరేది. ఆ ఆశ కోసం కనిపెట్టిందే స్వప్నపంక్తి.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ మైథిలి ప్రతి రోగికీ ఓపిగ్గా వివరించేది. కడుపుకీ మెదడుకీ మధ్య కబుర్లు మోసే వేగస్ నాడి ఒకటుంది. దానికి ఆవిడ పెట్టుకున్న పేరు తృప్తినాడి. ఆపరేషన్‌లోనే దానికి గోధుమగింజంత ట్రాన్స్‌మిటర్ కుట్టేస్తారు. నిద్రపోయే ముందు తలకు వలలాంటి టోపీ పెడతారు. ఆ టోపీ రోగి జ్ఞాపకాల్లోంచి రుచులను వెతికి తీసి కలలో విందు అమరుస్తుంది. గింజేమో కడుపు నిండిందని మెదడుకు కబురు పంపుతుంది. లేచాక ఇక రోజంతా ఆకలి ఊసుండదు.

మొదట్లో కలలో రోగిని ఒంటరిగా టేబుల్ ముందు కూర్చోబెట్టారట. మనవాళ్లకు అది విందులా అనిపించలేదు. అసంతృప్తిగా లేచేవారు. అప్పుడు చాపలు పరిచి, విస్తళ్లు వేసి, అటూ ఇటూ ముఖాలు తెలియని మనుషుల్ని కూర్చోబెట్టి పంక్తి చేశారు. వడ్డించేవాడి రూపంలో యంత్రమే తిరుగుతుంది. తిన్నవాడు విస్తరి మడిస్తే మెలకువ వచ్చేస్తుంది. మడవకముందే బలవంతంగా లేపితే మాత్రం తృప్తినాడి చచ్చుబడుతుంది. ఆ మనిషికి కడుపు నిండిందన్న సంగతి ఇక జన్మలో తెలియదు.

మర్నాడు తవిటినాయుణ్ణి ఇంటికి పంపేస్తారనగా, ఆ మధ్యాహ్నం గంట మోగింది. అతని భార్య వరహాలమ్మ ఎప్పటిలాగే పొద్దున్నే పడవలో వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఇంట్లో వంట చేసే యంత్రం ఉన్నా, దాని మీద పోపుడబ్బా పెట్టుకుని పక్కన పొయ్యి మీద వండే మనిషి ఆవిడ.

"కలలో ఏటి తింతన్నావు మావా రోజూ?" అని అడిగింది టోపీ సర్దుతూ.

"నువ్వు వండినయ్యే."

"నా చెయ్యి నేకుండా నా వంటెలాగొచ్చిందో," అని మూతి తిప్పుకుంది. తవిటినాయుడు నవ్వుతూ నిద్రలోకి జారుకున్నాడు.

పందిరి కింద చల్లగా ఉంది. ఎండ పడుతోంది గానీ వేడి లేదు. ముద్దపప్పు, పనసపొట్టు కూర, ఆవపెట్టిన అరటికాయ, గుమ్మడికాయ దప్పళం. బూరెకు చిల్లు పొడిచి నెయ్యి పోశాడు వడ్డించేవాడు. తవిటినాయుడు తృప్తిగా తిన్నాడు. మజ్జిగ కూడా అయింది. విస్తరి మడవబోయి, చెయ్యి ఆపేశాడు. పంక్తిలో అందరూ ముగించారు గానీ, పక్క విస్తరి ఆయన ఇంకా తింటున్నాడు.

పక్కవాడి విస్తరి చూడకూడదు. పంక్తిలో ఒక్కరు తింటున్నా లేవకూడదు. ఈ రెండూ తవిటినాయుడికి చిన్నప్పుడే తల మీద మొట్టి నేర్పారు. ఎంగిలి చెయ్యి ఎండిపోతున్నా కూర్చున్నాడు. ఒకరి తరవాత ఒకరు మిగతావాళ్లంతా మంచు కరిగినట్టు కరిగిపోయారు. వాళ్లు యంత్రం అమర్చిన మనుషులు, వాళ్లకు మర్యాదలతో పని లేదు. పక్కాయన మాత్రం తింటూనే ఉన్నాడు.

వడ్డించేవాడు వచ్చి వంగాడు. "నాయుడుగారూ, ఇక విస్తరి మడవండి. వేళ దాటిపోతోంది."

"పక్కాయన తింతన్నాడు కదా బాబూ. ఎలగ లేస్తాం?"

"ఆయన నేను పెట్టిన మనిషి కాదండీ. ఆ విస్తరి నేను వెయ్యలేదు," అంది యంత్రం.

కాసేపటికి వడ్డించేవాడి నోట్లోంచి డాక్టర్ మైథిలి గొంతు వచ్చింది. "నాయుడుగారూ, నేను మాట్లాడుతున్నాను. ఇంకా ఆలస్యమైతే ఒంట్లో నీళ్లు తగ్గిపోతాయి. మిమ్మల్ని బలవంతంగా లేపాల్సి వస్తుంది. అలా లేపితే ఏమవుతుందో చెప్పాను కదా. మర్యాద సంగతి తరవాత, ముందు లేవండి."

ఆ వెంటనే అదే నోట్లోంచి వరహాలమ్మ గొంతు. "మావా, ఏటా మొండితనం? ఎవులా పక్కనున్నోడు? ఊరా పేరా? ఆడికోసం పేణం మీదకి తెచ్చుకుంటావా?"

మీసాలున్న మగమనిషి మూతిలోంచి పెళ్లాం తిట్లు వస్తుంటే ఇంకెప్పుడైనా అయితే తవిటినాయుడు పడీ పడీ నవ్వేవాడు. ఇప్పుడు నవ్వు రాలేదు. నియమం తప్పి, తల తిప్పి పక్కకు చూశాడు.

అక్కడున్నది తనే. కొయ్యకముందటి తవిటినాయుడు. రెండు చాపలు ఆక్రమించిన ఒళ్లు, చంకల కింద చెమట. ఎడమచెయ్యి విస్తరి చుట్టూ అడ్డం పెట్టుకుని, తల ఎత్తకుండా, గబగబా తింటున్నాడు. ఆ చెయ్యి అడ్డం పెట్టడం తవిటినాయుడికి బాగా తెలుసు. ఒకసారి తోడల్లుడి కూతురి పెళ్లిలో అతని విస్తరి చూసి పిల్లలు పకపకా నవ్వారు. పెద్దవాళ్లు వారించలేదు సరికదా, వాళ్లూ నవ్వారు. ఆ రోజు నుంచీ ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఇంకా ఆకలేస్తందా?" అని మెల్లగా అడిగాడు.

"ఆకలెప్పుడో తీరిపోనాది," అన్నాడు వాడు తల ఎత్తకుండానే. "నువ్వు లేచీసినావంటే నానొక్కణ్ణీ మిగిలిపోతాను. ఒక్కణ్ణీ తింతంటే అందరూ సూస్తారు."

ఇన్నాళ్లూ ఈ ఒంటిని అసహ్యించుకున్నాడు. వదిలిపోతే చాలని కత్తి కింద పడుకున్నాడు. తీరా చూస్తే వాడు ఎంత భయస్థుడు. వడ్డించేవాణ్ణి పిలిచి, పక్కన ఉన్నది ఎవరో సిగ్గు విడిచి చెప్పాడు. వాణ్ణి ఒక్కణ్ణీ వదిలి రాలేనన్నాడు.

అవతలి నుంచి వరహాలమ్మ గొంతు వినిపించింది. "డాట్రమ్మా, ఇంకో టోపీ ఉంటే నాకెట్టండి. నానెల్తాను."

పందిరి చివర, ఎండలోంచి వరహాలమ్మ నడిచి వచ్చింది. చీర కొంగు బొడ్లో దోపుకుని, చేతిలో గరిటె పట్టుకుని వచ్చింది. ఒకే పంక్తిలో ఇద్దరు మొగుళ్లను చూసి ఆగింది. సన్నవాణ్ణి ఒక్క చూపు చూసింది. తిన్నగా లావువాడి దగ్గరికి వెళ్లి చాప మీద కూలబడింది.

"ఎందుకా కంగారు? నెమ్మదిగా తిను. నాను కూకుంటాను గదా," అంది. అని అడ్డం పెట్టిన ఆ ఎడమచేతిని తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

వాడు మొదటిసారి తల ఎత్తాడు. ఇక పంక్తిలో వాడు ఒంటరి కాదు. తవిటినాయుడు నిబ్బరంగా విస్తరి మడిచాడు.

కళ్లు తెరిచేసరికి నీలం వెలుగు, నర్సుల హడావుడి. నాలుక పిడచకట్టుకుపోయింది. గుటక గుటకగా నీళ్లు పట్టారు. డాక్టర్ మైథిలి అతని నాడి చూసి ఊపిరి పీల్చుకుంది. "గండం గడిచింది," అంది.

పక్కన వేసిన మంచం మీద వరహాలమ్మ టోపీతో ఇంకా నిద్రపోతోంది, కల ఇప్పుడు ఆవిడ టోపీలో సాగుతోంది. ఆవిడ ముఖంలో ఏదో వెలుగు. పెళ్లయిన కొత్తలో చూసిన వెలుగు అది. ఆవిడకు విస్తరే లేదు కాబట్టి మడిచే పని లేదనీ, ఆ లావాయన తన విస్తరి మడిస్తే ఇద్దరి కలా ముగుస్తుందనీ డాక్టర్ చెప్పింది. సరేనని కూర్చున్నారు. వాడు మడవలేదు. కిటికీ అద్దాలు లేతబడ్డాయి, ఎండ వాలింది. వరహాలమ్మ లేవలేదు.

"ఆయన ఇంకా తింటూనే ఉన్నాడా?" డాక్టర్ యంత్రాన్ని అడిగింది.

"లేదండీ," అంది గోడలోంచి యంత్రం. "చాలని ఎప్పుడో చెప్పాడు. విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఆవిడే వేళ్ల సందుల్లోంచి వడ్డిస్తోంది. నన్ను ముట్టుకోనివ్వడం లేదు."

డాక్టర్ తెర వైపు చూసింది. తృప్తిని చూపించే గీత కొండలా పైకి లేచి ఉంది. అయితే ఆ గీత తింటున్నవాడిది కాదు. మెతుకు ముట్టని వరహాలమ్మది. డాక్టర్ కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

"తినేవాళ్ల ఆకలికి మందు కనిపెట్టాననుకున్నాను," అంది తనలో తను అనుకుంటున్నట్టు. "పెట్టేవాళ్ల ఆకలి గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. గింజ లేకపోయినా, ఇప్పుడు ఆవిణ్ణి కల మధ్యలో బలవంతంగా లేపితే, ఆ తృప్తి శాశ్వతంగా పోతుంది నాయుడుగారూ. అలాగే వదిలేస్తే ఒంట్లో నీళ్లు తగ్గి ప్రాణం మీదికొస్తుంది."

తవిటినాయుడు భార్య ముఖం వంక చూస్తూ ఉండిపోయాడు. అతనికి ఒళ్లు మండింది. చెప్పుకోవడానికి సిగ్గుచేటు గానీ, ఆ లావువాడి మీద ఈర్ష్య పుట్టింది. వారాలుగా తను చెంచాతో గంజి తాగుతుంటే, ఎదురుగా ఈ మనిషి చేతులు ముడుచుకుని కూర్చుంది. కొసరి పెట్టడానికి లేదు, మారు వడ్డించడానికి లేదు. తన కడుపు కోయించుకున్నాడు, సరే. ఈవిడ చేతులను ఎవర్నడిగి కట్టేశాడు?

"ఆ మైకు ఇలా ఇవ్వండి," అన్నాడు.

"ఏం చెప్తారు? వచ్చెయ్యమంటే ఆవిడ రాదు. నేను ఎన్నోసార్లు చెప్పి చూశాను."

తవిటినాయుడు మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. అతనికి ఆకలి లేదు. అసలు ఆకలి ఎలా ఉంటుందో కూడా ఇప్పుడు సరిగా గుర్తు లేదు. అయినా పొద్దంతా బస్సు తోలి గుమ్మంలోకి వస్తూ రోజూ వేసే కేకే వేశాడు.

"వరాలూ, ఆకలేస్తందే."

మంచం మీద వరహాలమ్మ వేళ్లు కదిలాయి. గోడలోంచి యంత్రం చెప్పింది. "గరిటె కింద పెట్టేసింది. ఆయన విస్తరి తనే మడిచి చేత్తో పట్టుకుంది. లేస్తోందండీ."

"వస్తన్నాను, వస్తన్నాను," అంటూ వరహాలమ్మ కళ్లు తెరిచింది. టోపీ లాగి పారేసి, కాలికి చెప్పులు కూడా దొరక్కుండానే వార్డు చివర గంజి మరిగే చోటికి పరిగెత్తింది. డాక్టర్ మైథిలి దారి వదిలి పక్కకు జరిగింది.

గిన్నెలో పలచటి రాగిజావ తెచ్చి, ఊది ఊది, చెంచాతో పెట్టింది వరహాలమ్మ. ఆ కళ్లల్లో నీళ్లున్నాయి, నవ్వూ ఉంది. తవిటినాయుడికి రెండో చెంచాకే కడుపు నిండిపోయింది. మూడోదానికి గుండెల మీద బరువు మొదలైంది.

"ఇంకొక్కటి, మావా," అందావిడ.

అతను చాలనలేదు. నోరు తెరిచాడు.