సీసాలో పాండిసెల్వి తోలు

"విరుదునగర్ ల్యాబ్‌లో చోరీ. పొద్దున పది గంటలకు," అన్నాడు చీఫ్ తిరుమలసామి, రేడియోలో.

1999 మే. ఏజెంట్ రంగరాజన్ కోవిల్‌పట్టి బస్టాండులో కడలమిట్టాయి, అంటే బెల్లప్పాకం పల్లీపట్టీ, అమ్ముతున్నాడు. నెల రోజులుగా అదే వేషం. తక్కెడ కింద వైర్‌లెస్ సెట్.

"ఏం పోయినాది సార్?"

"తోలు."

పాండిసెల్వి శివకాశి టపాకాయల ఫ్యాక్టరీ పిల్ల. ఒళ్లంతా కాలింది. మిగిలిన గోరంత మంచి తోలు నుంచి డాక్టర్ గాంధిమతి స్టెమ్ సెల్స్ తీసి, తాను కనిపెట్టిన కొత్త పద్ధతిలో పెంచుతోంది. అవి కావాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. తూత్తుకుడి రేవులో ఓడ, ఓడలో వాళ్ల ల్యాబ్.

"ల్యాబ్ పళ్లెం అడుగుకి అంటుకుని ఉన్నంతసేపే అవి స్టెమ్ సెల్స్. దొంగలు ఊడదీసి సీసాలో పోసుకున్నారు. తేలే సెల్ పైపొర తోలుగా మారిపోవాలని నిశ్చయించుకుంటుంది. ఐదు గంటలు దాటితే వెనక్కి రాదు. చూడ్డానికి మాత్రం అలాగే ఉంటుంది. ఆ పిల్లకి ఇంకో ముక్క లేదు, రంగా."

"అయితే మధ్యాహ్నం మూడు ఆఖరు."

"మన సెల్వరాణి సీసా పట్టేసిందట. నీ దగ్గరికే వస్తోంది."

ఒంటిగంటకు వచ్చింది. నల్ల కళ్లద్దాలు, లేతపచ్చ చీర. ఎనిమిది నెలలుగా డిపార్ట్‌మెంట్‌లో ఉంది. ఊరు ఇక్కడికి దగ్గరి విళాత్తికుళం అని చెప్పుకుంది.

"అన్నా, బెల్లం ఏ ఊరిది?"

"ఊరిది కాదు అమ్మి, ఉడుకుది."

కోడ్ సరిపోయింది. థర్మాస్ ఫ్లాస్క్ తట్ట మీద పెట్టింది. "ఇదే అసలుది. రోడ్ల మీద చెకింగ్ ఎత్తేయమని చెప్పు. భయపడకన్నా, నేనుండానే."

రంగరాజన్ చెయ్యి తక్కెడ మీదే ఆగింది.

'భ'. ఒత్తు నిండుగా పలికింది. ఈ చుట్టుపక్కల ఇళ్లల్లో తెలుగు మాట్లాడేదే గాని చదివేది కాదు. అవ్వ నోట, అమ్మ నోట అతను విన్నది 'బయం'. ఆ ఒత్తు పుస్తకంలోంచో, ట్రైనింగ్ టేపులోంచో రావాలి.

ఫ్లాస్క్‌లో వేలు పెట్టాడు. ఐసు. సెల్స్‌కి కావాల్సింది ఒంటి వేడి.

"మిట్టాయి తిను అమ్మి. రెండు చేతులా పట్టు, కాలుతుండాది."

కుడిచెయ్యి ఒక్కటే చాపింది. ఎడమచెయ్యి పక్కటెముకలకు అదుముకునే ఉంది.

"ఆ చెయ్యికేమి?"

"నొప్పి."

"చంకలో సీసా పెట్టుకుంటే నొప్పే గదా!"

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. అరకిలో తూకపురాయి గాల్లో లేచి ఆమె మణికట్టుకు తగిలింది. పిస్టల్ కిందపడింది. ఎడమచెయ్యి అసంకల్పితంగా లేచింది. చంకలోంచి జారిన సీసా నేలను తాకేలోపు రంగరాజన్ తువ్వాలు పరిచాడు.

వెచ్చగా ఉంది.

చేతికి బేడీలతో సెల్వరాణి, ఒళ్లో సీసాతో రంగరాజన్. జీపు సాత్తూరు దాటేసరికి రెండుంపావు. సీసా గాంధిమతి చేతికి అందేసరికి మూడుకు ఇంకా రెండు నిమిషాలు.

సాయంత్రానికి డాక్టర్ మైక్రోస్కోపు మీద నుంచి తలెత్తింది. "అంటుకున్నాయి. పెరుగుతాయి."

బయట జీపులో సెల్వరాణి మెల్లగా అడిగింది. "అన్నా, ఇప్పుడు నేను మీ వైపు వచ్చేస్తే?"

"వాళ్లతో కలిసి ఎన్నాళ్లయింది?"

"ఎనిమిది నెలలు."

రంగరాజన్ గడియారం చూసుకున్నాడు. "తోలుకే గడువు ఐదు గంటలమ్మి."