పూజలో పెట్టిన రాయి

పాలగిరి రాజ్యానికి పట్టిన పీడ గురించి చెప్పాలంటే నాకు ముందుగా ఒళ్ళు మండుతుంది. అది ఆకాశం నుంచి ఊడిపడలేదు, చేతులారా తెచ్చుకున్నారు. ఒకప్పుడు ఆ కోటలో తెల్లవారేసరికి పిల్లా పెద్దా గరిడీలో చేరి దండాలు, బస్కీలు తీసేవారు, గుండురాళ్ళు ఎత్తేవారు. ఒక ఏడు ఆయుధపూజకు కత్తులతోపాటు ఆ రాళ్ళకూ పసుపు రాసి బొట్లు పెట్టారు. పూజలో పెట్టినవాటిని ఆ రోజు ముట్టకూడదు, నిజమే. మర్నాడు తీయొచ్చుగా? "ఒక్కరోజుకేం కొంప మునుగుతుంది?" అన్నారు. అలా పదేళ్ళు గడిపారు!

పదకొండో ఆయుధపూజ నాడు గండశిలుడనే రాక్షసుడు వచ్చి, కోట కావలివాళ్ళు నలభైమందిని కోళ్ళను పట్టినట్టు పట్టేశాడు.

"వీళ్ళను ఏడు కొండల అవతల గుహలో నిద్రపుచ్చి బండ అడ్డుపెడతాను. వచ్చే ఆయుధపూజ పొద్దుగుంకేలోగా ఎవరైనా ఒంటరిగా ఆ బండ ఎత్తితే సరి. లేదంటే వీళ్ళంతా రాళ్ళే!" అని అరుస్తూ పోయాడు.

ఆ నలభైమందిలో పోలమ అన్న జగ్గన్న ఉన్నాడు. పోలమకు పదహారేళ్ళు, ముక్కుమీద కోపం. రాజుగారు మంత్రులతో ఆలోచిస్తూ కూర్చుంటే, ఆమె అడవులు దాటి గుహ చేరింది. బండ ఇసుమంతైనా కదల్లేదు. కసికొద్దీ దాన్ని తన్నింది. పక్కనే కుటీరంలో ఉన్న ముసలి ముని నవ్వాడు.

"నవ్వకు తాతా. మంత్రమేదైనా ఉంటే చెప్పు."

"మంత్రం లేదు పిల్లా, రాయి ఉంది," అని ఆయన కొబ్బరికాయంత గుండు చూపించాడు. "సూర్యోదయాన పదిసార్లు ఎత్తు. రోజుకో పిడికెడు మట్టంత పెరుగుతుంది. ఒక్కనాడు మానావా, మళ్ళీ మొదటికే."

"మా అన్న లోపల రాయైపోతుంటే నన్ను పిడికెళ్ళు లెక్కపెట్టుకోమంటావా?"

"కోపం మంచిదే. అదీ రోజూ తెచ్చుకో."

కోపం మూడు రోజులు చాలింది. తర్వాత మిగిలినవి ఒళ్ళునొప్పులే. నలభయ్యో రోజున ముసురు పట్టింది, పోలమ దుప్పటి తీయలేదు. మధ్యాహ్నం చూస్తే రాయి మళ్ళీ కొబ్బరికాయంతే ఉంది. తనమీద తనకే పట్టరాని కోపం వచ్చి ఏడ్చింది. మర్నాడు మొదటినుంచి మొదలుపెట్టింది. జ్వరం వచ్చినా, చేతులు బొబ్బలెక్కినా ఆపలేదు. వేసవిలో ఒక పులి ఎదురుగా నిలబడి, "రాయి వదిలి పారిపో, నిన్ను తినను," అంది.

"పదిసార్లు అయ్యాక తిను," అని పోలమ కసిరింది. పులి లెక్కపెడుతూ కూర్చుంది. పదోసారి రాయి లేచిన తీరు చూసి మెల్లగా జారుకుంది.

ఏడాది తిరిగింది. ఆయుధపూజ నాటి ఉదయం రాయి నిండా పసుపు, బొట్లు. పక్కనే తెల్లపంచె కట్టిన పురోహితుడొకడు నిలబడ్డాడు.

"ఇవాళ ముట్టకూడదమ్మాయీ, దోషం. ఒక్కరోజుకేం కొంప మునుగుతుంది?"

పోలమ చేతులు వెనక్కు వచ్చాయి. అది వాళ్ళమ్మ నేర్పిన ఆచారమే. కానీ ఆ చివరిమాట చెవినపడగానే అరికాలి మంట నెత్తికెక్కింది.

"మునిగింది! నలభై కొంపలు మునిగాయి! ఎత్తడమే దీనికి పూజ, తప్పుకో!"

పదిసార్లు ఎత్తింది. ఆ పసుపు చేతులతోనే పరుగెత్తి, గుహ బండను పళ్ళబిగువున లేపి లోయలోకి విసిరింది. అది ముక్కలైంది. వెంటపడి వచ్చిన పురోహితుడు గండశిలుడిగా మారి, గావుకేక పెట్టి తానూ ముక్కలయ్యాడు. వాడి ప్రాణం ఆ బండలోనే ఉంది.

నిద్రలేచిన కావలివాళ్ళందరికన్నా ముందు జగ్గన్న కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చాడు. "తెల్లారిందా చెల్లీ?"

"ఏడాదైంది, దున్నపోతా!" అని తిట్టి, అన్నను కావలించుకుని బావురుమంది.

అందరూ కోటకు తిరిగొచ్చాక రాజుగారు అర్ధరాజ్యం ఇస్తానన్నారు. "ముందు గరిడీ తాళం ఇవ్వండి," అంది పోలమ. తర్వాతి ఉదయం కోటంతా అక్కడుంది. అందరికన్నా చివర ఆవలిస్తూ వచ్చిన రాజుగారు, "నేను రేపటినుంచి..." అనబోయి, ఆమె కళ్ళు చూసి కిరీటం పక్కనపెట్టి బస్కీలకు దిగారు. ఆ గరిడీకీ, తర్వాత సైన్యానికీ పోలమే అధిపతి అయింది. మళ్ళీ ఏ రాక్షసుడూ అటు తొంగిచూడలేదు.

కథ కంచికి నడిచి వెళ్ళిపోయింది. మీరింకా కూర్చునే ఉన్నారా?