నానబెట్టని బూడిద

భాగీరథి ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. మొన్నటి వేసవిలో పోసిన ఇటుకల బూడిదను ఆమె నానబెట్టలేదు. నానబెట్టానని చెప్పింది.

జహీరాబాద్ దాటి చిరాగ్‌పల్లి పోయే రోడ్డు పక్కన అమర్నాథ్ సేటు బట్టీ ఉంది. సొట్టపడ్డ అల్యూమినియం గిన్నెలు, చిల్లులు పడ్డ బిందెలు అక్కడ కరిగి కడ్డీలవుతాయి. అల్యూమినియం అంటే అక్కడెవరికీ నోరు తిరగదు, అందరికీ అది జర్మనే. కరిగేటప్పుడు పైన తేలే తెట్టెను తీసి పెరట్లో పారేసేవాళ్లు. అది చల్లారి బూడిద గుట్టలయ్యేది. వానకు తడిస్తే కళ్లు మండే ఘాటు లేచేది. ఏడో తరగతితో బడి మానిన భాగీరథి, చిత్తుకాగితాల బస్తాల్లో దొరికిన పుస్తకాలు చదువుకుని, ఆ బూడిదను జల్లించి సున్నం, సిమెంటు కలిపి ఇటుకలు పోసింది. తేలికైన ఇటుకలు. కాల్చే పని లేదు, కట్టెపుల్ల ఖర్చు లేదు. ఎనభై నాలుగులో సేటు వాటిని వచ్చినవాళ్లందరికీ చూపించి మీసం దువ్వుకున్నాడు.

ఒకటే నియమం. బూడిదను హౌజులో, అంటే సిమెంటు తొట్టిలో, పోసి, నీళ్లు మారుస్తూ, ఘాటు పూర్తిగా చచ్చేదాకా నానబెట్టాలి. చచ్చిందో లేదో తేల్చేది సంగమ్మ ముక్కు. న్యాల్‌కల్ నుంచి వచ్చిన ఒంటరి మనిషి, బట్టీ ఆవరణలోనే ఉండేది. హౌజు మీదికి వంగి పొడుగ్గా ఊపిరి పీల్చి, "నీ బుక్కులల్ల ఏమున్నదో నాకెర్కలేదు పోరీ. నా ముక్కు ఒప్పుకుంటెనే ఇటుక," అనేది.

మొన్నటి వేసవిలో చెల్లెలి బిడ్డ పెళ్లికని సంగమ్మ వారం రోజులు ఊరికి పోయింది. బావి అడుగంటింది. పసిపిల్లల బాలవాడి గదికి ఇటుకలు కావాలని రాయికోడ్ సర్పంచి గురులింగప్ప మనిషి మీద మనిషిని పంపుతున్నాడు. కాస్త ఘాటుంటే ఏమవుతుంది, ఎండకు అదే పోతుందనుకుంది భాగీరథి. పోసేసింది.

తిరిగొచ్చిన సంగమ్మ ఆరుతున్న వరుసలు చూసి అడిగింది.

"నానినయా, భాగీ?"

"ఆఁ అక్కా. నాలుగు దినాలు."

"ఇంకేం. ఇగ నా ముక్కుతోని పనిలేదు నీకు."

రాయికోడ్‌కు పోగా మిగిలిన ఇటుకలతో సేటు సంగమ్మకే ఒక గది కట్టించాడు. తొలి ముసురుకు ఆమె కిటికీ, తలుపు బిగించుకుని పడుకుంది. తెల్లారి, తడికి ఉబ్బిన తలుపును నలుగురు తన్ని తెరిస్తే, గడప దగ్గర బోర్లా పడి ఉంది. గోళ్ల నిండా చెక్క పేళ్లు. గోడలు వెచ్చగా ఉన్నాయి. దవాఖానలో గుండె ఆగిందని రాశారు. తడిసిన గోడల్లోంచి లేచిన ఘాటు సంగతి భాగీరథికి ఒక్కదానికే తెలుసు.

అది జరిగి నెల. ఇవాళ మళ్లీ ముసురు పట్టింది. నాలుగింటికే చీకటి కమ్మింది, కరెంటు పోయింది. బట్టీ కాడ పనిచేసే నర్సింలు గోనెసంచి నెత్తిన కప్పుకుని గేటు దగ్గర ఆగాడు.

"రావా? లారీ ఎక్కుదాం."

"ఇటుకల మీద గోనెతట్టు కప్పి వస్త. నువ్వు పో."

"జర జల్ది రా. సంగమ్మ పట్టుకుంటది." ఆమె నవ్వకపోయేసరికి తనే తగ్గాడు. "ఊకె అన్న పోరీ. అవునుగని, రాయికోడ్‌ల రేపే బాలవాడి షురువట. తలుపులు లేకనే ఇన్నొద్దులు ఆగిన్రు, నిన్న బిగించిన్రు. నలభై మంది పోరలు. సర్పంచి నీకు లడ్డూలు పంపుతడట. నాకు సగం ఇయ్యాలె."

అతను పోయాడు. రేకుల మీద వాన సన్నగా కురుస్తూనే ఉంది. ఆ చప్పుడు కింద ఇంకో చప్పుడు... బొక్కెనతో నీళ్లు కుమ్మరిస్తున్నట్టు. కాసేపు ఆగి, మళ్లీ. హౌజు వైపు నుంచి.

నర్సింలే ఆట పట్టిస్తున్నాడనుకుని పోయింది. ఎవరూ లేరు. రేకుల కింద నెల్లాళ్లుగా ఎండిపోయి ఉన్న హౌజు అంచుదాకా నిండి ఉంది. నీళ్లు సన్నగా బుసకొడుతున్నాయి. పశువుల కొట్టంలో మగ్గిన ఉచ్చ లాంటి ఘాటు, సూదుల్లా ముక్కులో దిగింది.

చెవి పక్కనే ఎవరో ఊపిరి పీల్చారు. పొడుగ్గా... వాసన చూస్తున్నట్టు.

"నానినయా, భాగీ?"

అలవాటైన మాటే నోటికొచ్చింది. "నానినయి అక్కా."

నీళ్లు కుతకుతలాడాయి. గాలి లేదు... ఎంత పీల్చినా ఘాటే. మోకాళ్ల మీద కూలింది.

"నానినయా?"

"లేదు... లేదక్కా. అబద్ధం చెప్పిన."

బుస ఆగింది. గాలి అందింది. ఆమె లేవబోయింది.

అప్పుడు వినిపించింది. దగ్గు.

సంగమ్మ గదిలోంచి. పసిపిల్ల దగ్గు. వెంటనే ఇంకొకటి. ఇంకా చిన్న గొంతు... గది నిండా పిల్లలు దగ్గుతున్నారు. తలుపుకు లోపలివైపు, కింద, మోకాలెత్తున, చిన్న చిన్న అరచేతులు కొడుతున్నాయి.

బయట తాళం ఉంది. నడుముకున్న గుత్తిలోంచి తాళంచెవి దొరకబుచ్చుకుని, ఎట్లాగో తీసింది.

గది ఖాళీ. గోడలు చెమట పట్టి ఉన్నాయి. నేల మీద నెల నాటి దుమ్ము. ఒక్క అడుగు పడలేదు.

రేపు రాయికోడ్‌లో కూడా ఇట్లాగే కురుస్తుంది. చినుకులు పడకుండా ఎవరో తలుపులు మూస్తారు, కొత్త తలుపులు...

చెప్తే సేటు గెంటేస్తాడు. సంగమ్మ చావు ఆమె మీదికొస్తుంది. పోలీసులు రావచ్చు. రానీ. భాగీరథి వానలో తడుస్తూనే సేటు ఆఫీసు గదికి నడిచింది, తాళం తీసింది, చీకట్లో ఫోన్ కోసం తడుముకుంది. ఎక్స్ఛేంజి వాళ్లను రాయికోడ్ సర్పంచి ఇల్లు కలపమని అడగాలి. లైన్ లేదంటే దొరికేదాకా అడగాలి. సర్పంచి సాబ్, ఆ గదిల పోరలను కూసోబెట్టకున్రి. తప్పు నాది. మాటలు గొంతులో సిద్ధంగా ఉన్నాయి.

మధ్యాహ్నం నుంచి ఆఫీసు గదిలోకి ఎవరూ రాలేదు. ఎత్తిన రిసీవరు మాత్రం వెచ్చగా ఉంది, ఆమె కోసమే ఎవరో అప్పటిదాకా చేత పట్టుకుని కూర్చున్నట్టు.